రాబందు ముక్క

అగరుపట్నం కోట పడమటి వాకిట వేలాడే వంతెన ఇనుప గొలుసుల మీద కిర్రుకిర్రుమంటూ పైకి లేస్తోంది. కింద అగడ్తలో మొసళ్లు, విస్తరి ముందు కూర్చుని వడ్డన కోసం చూసే బంతిలా, వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"గారడీవాళ్లకి వంతెన లేదయ్యోయ్!" బురుజు మీంచి కావలివాడు కేకపెట్టాడు. "ఆస్థాన మాయావి ధూమ్రనాథులవారి ఆజ్ఞ. నిజంగా మాయలొచ్చినోడైతే ఎగిరొస్తాడు. రానోడు ఇంటికిపోయి పిల్లల్ని ఆడించుకుంటాడు."

గట్టు మీద నిలబడ్డ గారడీవాడు ఎర్ర తలపాగా సర్దుకుని, కోరమీసం ఒకసారి నిమురుకున్నాడు. పగడాల దీవుల నుంచి వచ్చిన సాగరదత్తుడినని ఊరంతా చెప్పుకుంటూ వచ్చాడు. ఆ పేరూ అబద్ధమే, ఆ మీసమూ అబద్ధమే. మేకవెంట్రుకల మీసాన్ని చింతగింజల బంకతో అంటించుకున్న ఆ మనిషి పేకలు చేసే నాంచారమ్మ కూతురు చెంగల్వ. ధూమ్రనాథుడు తన చేత్తో తానే చావు ముక్క తీసుకోవాలి, అది తను కళ్లారా చూడాలి. ఆమె వచ్చింది అందుకే.

వంతెన అంచు తలెత్తు దాటిపోయింది. చెంగల్వ పరుగందుకుంది. గట్టు చివరి రాయి మీద కాలు మోపి ఎగిరి, రెండు చేతులా వంతెన అంచు పట్టుకుంది. కింద ఒక మొసలి లేచి పళ్లు టక్కున మూసింది. ఆమె ఎడమకాలి చెప్పు దాని నోట్లోకి పోయింది. ఆమె మోకాలు పైకి లాక్కుని అంచు దాటేసరికి వంతెన ఇంటికప్పులా వాలింది. ఇక ఎక్కడా పట్టు దొరకలేదు. జారుడుబండ మీద పిల్లలా జర్రున జారి, లోపల రాట్నం తిప్పుతున్న ఇద్దరు భటుల మీద ధబ్బున పడింది.

"అయ్యబాబోయ్! నడుం!" అన్నాడొకడు.

"ఎగిరి రమ్మన్నారు కదన్నా, వచ్చాను," అంటూ ఆమె లేచి దుమ్ము దులుపుకుంది.

కావలివాడు బురుజు దిగి వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఒంటి చెప్పుతో వచ్చావేందయ్యా?"

"రెండోది మీ మొసలికి బహుమానం."

వాడు పగలబడి నవ్వి, అంతలోనే అనుమానంగా మొహం దగ్గరికి తెచ్చాడు. "ఈ మీసం నీదేనా? ఓ పక్క లేచినట్టుందే!"

"మొసలిని చూస్తే మీ మీసం మటుకు లేవదా?" అంటూ ఆమె మీసం నొక్కుకుని లోపలికి నడిచింది. చెమటకు బంక నాని వదులవుతోంది. ఎక్కువసేపు ఆగదని ఆమెకు తెలుసు. ఆగాల్సిన పనీ లేదు.

* * *

కురువింద రాజ్యపు కొలువుకూటం ఆ రోజు వసంతోత్సవానికి ముస్తాబై ఉంది. కెంపురంగు రాతి స్తంభాలకు మల్లెచెండ్లు చుట్టారు. పైకప్పు నుంచి వెండి గొలుసులకు వేలాడదీసిన ప్రమిదల్లో అగరునూనె వెలుగుతోంది. సింహాసనం ముందు బియ్యప్పిండితో వేసిన ముగ్గు నిండుగా విచ్చిన తామరకొలనులా ఉంది. పన్నీటి చెంబులు పట్టుకున్న చెలికత్తెలు అటూఇటూ నడుస్తుంటే గాజుల గలగల, పట్టుచీరల రెపరెప తప్ప మరో చప్పుడు లేదు. సింహాసనం మీద జయకేతు మహారాజు, పక్కన మహారాణి. రాజుగారి కుడిచేతి వైపు, పులితోలు పరిచిన పీట మీద, బూడిదరంగు పట్టుబట్ట కట్టి, సన్నటి వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు ఆస్థాన మాయావి ధూమ్రనాథుడు.

చెంగల్వ చూపు ఆ వేళ్ల మీదే ఆగింది.

ఆ దేశపు పేకలో రెండే పక్షులు. సగం హంసలు, సగం రాబందులు, ఒక్కో ముక్క మీద ఒక్కో లెక్కన. పాతగుడ్డను పొరలుగా అంటించి, గుండ్రంగా కోసి, బొమ్మ వేసి, లక్కపూత పూస్తారు. ఏ ఇంటి పేకైనా వీపు సిందూరపు ఎరుపే. ఆడుకోవడానికీ అదే, తీర్పుకూ అదే. నేరం మోపినవాడూ నేరం పడ్డవాడూ ఇద్దరూ ఆస్థాన మాయావి పట్టిన పేకలోంచి చెరో ముక్క తీయాలి. చూడకుండా పళ్లెంలో బోర్లించి తమలపాకు కప్పాలి. రాజుగారే తిప్పి చూడాలి. హంస వచ్చినవాడు ఇంటికి, రాబందు వచ్చినవాడు రాబందుల లోయకు. ఇద్దరికీ ఒకే పక్షి వస్తే మళ్లీ తీయాలి. అబద్ధపు ఫిర్యాదులు తగ్గుతాయని పూర్వపు రాజెవరో పెట్టిన పద్ధతి అది.

ధూమ్రనాథుడు కొలువుకు వచ్చాక, అతనికి గిట్టనివాళ్లెవరికీ హంస రాలేదు.

ఎందుకు రాలేదో చెంగల్వకు తెలుసు. కొన్నేళ్ల కిందట అతను వాళ్లింటికి వచ్చి, పండగనాడు పిల్లలకు వింతలు చూపిస్తానని చెప్పి నాంచారమ్మ చేత ఒక పేక చేయించుకున్నాడు. అందులో రాబందులన్నీ హంసల కంటే వెంట్రుకవాసి పొట్టి. కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. పేకను విసనకర్రలా విప్పి పట్టుకున్నవాడు ఎదుటివాడి వేలి కిందికి కావలసిన ముక్కను బొటనవేలితో నెట్టగలడు. తీసినవాడు తన అదృష్టమే అనుకుంటాడు. పేక చేతికందాక, చేసినదాని నోరు మూయించాలిగా! బంగారురేకు దొంగిలించిందని నాంచారమ్మ మీద తన సేవకుడి చేత నేరం మోపించాడు. తను కోసిన ముక్కనే తను తీసింది నాంచారమ్మ. వేలికి తగలగానే ఆమెకు అర్థమైంది. అయినా తిప్పి చూడలేదు. అన్నం గిన్నె మీద మూత పెట్టినంత పొందికగా తమలపాకు కప్పి, గుంపులో ఉన్న కూతురి వైపు చూసి 'వెళ్లిపో' అన్నట్టు కళ్లతోనే సైగ చేసింది.

"పగడాల దీవుల సాగరదత్తా!" రాజుగారు చెయ్యెత్తారు. "మా కొలువు ఆనవాయితీ తెలుసునా?"

"తెలుసు ప్రభూ. పేక మార్పు."

వచ్చిన మాయావి, ఆస్థాన మాయావి వియ్యాలవారిలా తాంబూలపు పళ్లేలు మార్చుకోవాలి. ఆ పళ్లేల్లో ఎవరి పేక వాళ్లు పెట్టాలి. వీడి పేకతో వాడు, వాడి పేకతో వీడు ఆడాలి. కొలువు ముగిసేదాకా మరో పేక ముట్టకూడదు.

పళ్లేలు చేతులు మారాయి. ధూమ్రనాథుడు ఆమె పేకను ఎత్తి, ముఖాలు తిప్పకుండానే, అంచు వెంట బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చాడు. వేలు ఒకచోట ఆగింది. మళ్లీ కదిలి మళ్లీ ఆగింది. అతని పెదవి చివర చిన్న నవ్వు మొలిచింది. పేకను పళ్లెంలో పెట్టేశాడు.

చెంగల్వ తన పళ్లెంలోని పేక ఎత్తింది. అంచులన్నీ సమానం, తీర్పులకు వాడే పేక కాదిది. పైగా ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా ఉన్నాయి. అంచులకు ఎవరో బెల్లప్పాకం రాసినట్టున్నారు!

"ఏం దొరా?" ధూమ్రనాథుడు గొంతు మెత్తగా సాగదీశాడు. "మీ దీవుల్లో ముక్కలు విడివిడిగా ఉంటాయి కాబోలు. మాకు ఐకమత్యం ఎక్కువ."

కొలువంతా నవ్వింది.

"ఐకమత్యం మంచిదే స్వామీ. పాకం ముదిరితేనే చిక్కు," అంటూ చెంగల్వ వంగి, ముగ్గులోంచి గుప్పెడు బియ్యప్పిండి తీసుకుంది. మహారాణి పక్కనున్న దాసి "అయ్యో, నా ముగ్గు!" అని అరిచింది. అరిసెల పిండి పీటకు అంటుకోకుండా అద్దినట్టు చెంగల్వ అరచేతుల మధ్య పేకను పిండిలో దొర్లించి, మెలితిప్పి, టపటపా దులిపింది. ముక్కలు వానచినుకుల్లా ఒక చేతిలోంచి మరో చేతిలోకి రాలాయి. ఆ రాలడంలోనే ఆమె చొక్కా చేతిలోంచి మరో ముక్క జారి వాటిలో కలిసిపోయింది. అది తన పేకతో పాటు అదనంగా కోసి దాచుకున్న ఒక పొట్టి ముక్క.

"మహారాణీ, తమరొక ముక్క తీసుకోండి. నాకు చూపించకండి. రాజుగారికి చూపించండి."

మహారాణి తీసింది. రాజుగారు చూసి తలాడించారు. చెంగల్వ పేకను రెండుగా విడదీసి, పొట్టి ముక్క ఉన్నచోటే మహారాణి ముక్కను దూర్చనిచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు విడదీసి కలిపినా ఆ రెండూ కవలల్లా ఒకదాన్నొకటి వదల్లేదు. చివరికి ఆమె బొటనవేలితో అంచును జర్రున జారవిడిచింది. పొట్టి ముక్క దగ్గర వేలికి చిన్న దెబ్బ తగిలింది. అక్కడికి విడదీసి మహారాణి ముక్కను పైకి తెచ్చింది.

"భటుడా, నీ కత్తి ఇటియ్యి."

పేకంతా గాలిలోకి ఎగిరింది. ఎర్రటి ముక్కలు పూలవానలా తిరుగుతూ రాలుతుంటే, అరచేతిలో మిగుల్చుకున్న ముక్కను కత్తిమొనకు గుచ్చి ఆ వానలోకి దూసింది. కత్తిని మహారాణి ముందుకు చాచింది.

"తొమ్మిది హంసలు!" మహారాణి లేచి నిలబడింది. "నేను తీసింది ఇదే!"

కొలువు మార్మోగిపోయింది. రాజుగారు మెడలోని హారం మీద చెయ్యి వేశారు. "శభాష్! ఏం కావాలో కోరుకో సాగరదత్తా."

చెంగల్వ తలపాగా తీసేసింది. నల్లటి జడ నడుం దాకా జారింది. పైపెదవి మీది మీసాన్ని గోటితో పట్టుకుని చర్రున లాగి అవతల పారేసింది.

"నా పేరు సాగరదత్తుడు కాదు ప్రభూ. నేను చెంగల్వని. మీరు లోయకు పంపిన నాంచారమ్మ కూతుర్ని. నాకు హారాలొద్దు. మా అమ్మను మోసం చేసి చంపాడని ఈ ధూమ్రనాథుడి మీద నేరం మోపుతున్నాను. పేక తీర్పు ఇప్పించండి."

 రాజుగారి చెయ్యి హారం మీద అలాగే ఉండిపోయింది. మహామంత్రి వసుధాముడు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయీ, ఆస్థాన మాయావి మీదే నేరం మోపితే పేక ఎవరు పట్టాలి?"

"ఆయన్నే పట్టమనండి. నాకేం భయం లేదు."

మంత్రి రాజుగారి వైపు చూశాడు. రాజుగారు ధూమ్రనాథుడి వైపు చూశారు. అతను నవ్వుతున్నాడు.

"పాపం, తల్లిమీద ప్రేమ, పిచ్చిపిల్ల," అన్నాడు. "కాదంటే భయపడ్డానంటారు. పళ్లెంలో ఉన్న పేకతోనే కదా తీర్పు? ఇదిగో, అమ్మాయి తెచ్చిన పేకే. నా పేకైతే అనుమానం. ఈమెదైతే ఇంకెవరికి అనుమానం? కానివ్వండి."

మంత్రి పేకను తెల్లటి బట్ట మీద పరిచి చూపించాడు. హంసలూ రాబందులూ ఎవరి కంటికైనా సరిసమానమే. అతనే వాటిని బోర్లించి, కలిపి, ఎత్తి, ధూమ్రనాథుడి చేతిలో పెట్టాడు.

ధూమ్రనాథుడు పేకను విసనకర్రలా విప్పి ఆమె ముందు పట్టాడు. దగ్గరికి వంగి, ఆమెకు మాత్రమే వినిపించేలా, "మీ అమ్మ కత్తెర నీకూ అబ్బిందే పిల్లా," అన్నాడు. "నా కోసం గొయ్యి తవ్వుకొచ్చావు. ఇప్పుడు ఆ గొయ్యి నా చేతిలో ఉంది. తీసుకో తల్లీ."

చెంగల్వ చెయ్యి చాచింది.   వాడు నిజాయితీగా పేక పడితే ఆమెకు హంస వచ్చినా రావచ్చు, రాబందు వచ్చినా రావచ్చు. ఆమె నమ్ముకున్నది తన హస్తలాఘవాన్ని కాదు, వాడి మోసాన్ని. వాడి బొటనవేలు కదలడం చూసింది. ఒక ముక్క ముందుకు జరిగి ఆమె వేలికి తగిలింది. పొట్టిది. దాన్ని చూడకుండా తీసి పళ్లెంలో బోర్లించి తమలపాకు కప్పింది.

ధూమ్రనాథుడు తన ముక్కను తీరిగ్గా తీసుకున్నాడు. అంచు వెంట వేలు పోనిచ్చి, పొడుగు ముక్క తగిలేదాకా ఆగి, రెండు వేళ్లతో లాగి, తన పళ్లెంలో బోర్లించాడు. ఆకు కప్పి, పట్టెమంచం మీద కూర్చున్న కొత్తల్లుడిలా చేతులు కట్టుకున్నాడు.

రాజుగారు సింహాసనం దిగి వచ్చారు. ముందు చెంగల్వ పళ్లెం మీది ఆకు తీశారు. ముక్క తిప్పారు.

తెల్లటి హంస.

ధూమ్రనాథుడి నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. "పొట్టిది..." అన్నాడు గొంతులో గొంతుగా. "పొట్టిది హంసేమిటి?"

"పొట్టిదేమిటి స్వామీ?" చెంగల్వ గొంతు కొలువంతా వినిపించేలా లేచింది. "అందరికీ అన్నీ ఒకేలా ఉన్నాయే! తమరి వేలికి ఏది పొట్టిదో, ఏది పొడుగుదో ఎలా తెలిసింది? ప్రభూ, మా అమ్మ ఇతనికి రాబందులు పొట్టిగా కోసిచ్చింది. నేను హంసల్ని పొట్టిగా కోసి తెచ్చాను. దొంగ కానివాడికి ఈ పేక ఏ కీడూ చెయ్యదు. నాకు చావు ముక్క నెడుతున్నాననుకుని హంసనిచ్చాడు. తను బతుకు ముక్క ఏరుకున్నాననుకున్నాడు. ఆకు తీయండి ప్రభూ!"

రాజుగారు రెండో ఆకు తీశారు. ముక్క తిప్పారు. మెడ వంచి, రెక్కలు విప్పి, రాబందు.

"మోసం!" ధూమ్రనాథుడు లేచి చేతులు పైకి విసిరాడు. అతని అసలు విద్య ఒక్కటే, పొగ విద్య. కప్పు కింది దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి, వాటి పొగ తాళ్లలా కిందికి జారి, పడగలెత్తి బుసకొట్టింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. పొగపాము ఒకటి రాజుగారి మెడకు చుట్టుకుంది. అదే అదనుగా ధూమ్రనాథుడు తూర్పు గవాక్షం వైపు పరిగెత్తాడు.

చెంగల్వ నేలమీద చెదిరిన ముక్కల్ని గుప్పెడు ఎత్తుకుని ఒకదాని వెంట ఒకటి విసిరింది. లక్కపూత ముక్కలు చక్రాల్లా గిరగిరా తిరుగుతూ పొగపాముల్ని మధ్యకు కోశాయి. చివరి ముక్క ధూమ్రనాథుడి మడమ వెనక నరానికి తగిలింది. అతను బోర్లాపడ్డాడు. పొగ చెల్లాచెదురై కప్పుకు ఎగిసింది. ఆమె అతని వీపు మీద మోకాలు మోపి, జుట్టుముడి పట్టుకుని తల వెనక్కి లాగింది.

"లే స్వామీ. లోయ ఎదురుచూస్తోంది."

మెడ తడుముకుంటూ రాజుగారు ఒక్క మాటే అన్నారు. "తీసుకెళ్లండి."

* * *

రాబందుల లోయ అంచున రాతి మొక్కజొన్నపొత్తుల్లా గుట్టలు నిలబడి ఉంటాయి. వాటి మధ్య దూలానికి కట్టిన గిలక, గిలక మీంచి తాడు, తాడు చివర వెదురుగంప. కింద తెల్లటి మంచు తప్ప మరేమీ కనిపించదు. ఆ మంచులోంచి పెద్ద పెద్ద రెక్కలు అప్పుడప్పుడు తేలి మునుగుతుంటాయి. ఆనవాయితీ ప్రకారం ముద్దాయిని గంపలో కూర్చోబెట్టి గాలిలోకి నెట్టాక, గెలిచినవాళ్లే కొడవలితో తాడు కొయ్యాలి.

చేతులు కట్టేసిన ధూమ్రనాథుడు గంపలో ఊగుతున్నాడు. డప్పులు మోగుతున్నాయి. చెంగల్వ కొడవలి తాడుకు ఆనించింది. ఈ క్షణం కోసం ఆమె ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎంతమంది గారడీవాళ్ల దగ్గర ఊడిగం చేసిందో! ఒక పోగు తెగింది. రెండోది తెగింది.

"మీ అమ్మ బతికే ఉంది," అన్నాడు ధూమ్రనాథుడు.

కొడవలి ఆగింది.

"నమ్మవు, తెలుసు. ఆ రోజు నువ్వు తాడు తెగడం చూశావా? మొహం తిప్పేసుకుని ఉంటావు. నా మనిషి తాడు కొయ్యలేదు, వదిలాడు, మెల్లగా. పేక రోజూ చేతులు మారితే అంచులు అరగవా? అరిగితే పొట్టి పొడుగూ ఒకటైపోవా? ఇన్నేళ్లుగా కొత్త ముక్కలు నాకు ఎవరు కోసిస్తున్నారనుకున్నావు? లోయ అడుగున గుహ ఉంది. తలుపు తెరిచే మాట నాకొక్కడికే తెలుసు. నన్ను పైకి లాగు, చెబుతాను. తాడు కోస్తే ఆమె అక్కడే ఆకలితో పోతుంది. నీ ఇష్టం."

చెంగల్వ అతని కళ్లలోకి చూసింది. అబద్ధమా? నిజమా? లాగితే వీడు చేజారతాడు. కోస్తే అమ్మ చేజారుతుందేమో. వేలి కిందికి రెండు ముక్కలు నెట్టి తీసుకోమంటున్నాడు, రెండూ వాడికి కావలసినవే.

"గిలక పట్టుకున్న అన్నలూ!" ఆమె వెనక్కి తిరిగి కేకేసింది. "నేను అరిచేదాకా తాడు వదులుతూనే ఉండండి. ఆపకండి."

"ఏందమ్మా, కొయ్యవా?" అన్నాడు ముందున్నవాడు నోరు తెరిచి.

ఆమె కొడవలి పళ్లతో కరుచుకుని, చీలమండలు దగ్గరగా చేర్చి, లోయలోకి దూకింది. రెండు చేతులూ గంప అంచును దొరకబుచ్చుకున్నాయి. గంప ఒక పక్కకు ఒరిగింది. ధూమ్రనాథుడు కెవ్వుమన్నాడు. ఆమె లోపలికి దొర్లి, లేచి, కొడవలి తీసి అతని గొంతు కింద పెట్టింది. పైన సగం తెగిన తాడు టప్‌మని మరో పోగు వదిలింది.

"పిచ్చిదానా! ఇద్దరి బరువుకు తెగుతుంది!"

"తెగితే తెగనీ. దారి చెప్పు. అమ్మ దొరికిందా, నిన్ను అమ్మ చేతికే ఇస్తాను, తనేం చేసుకుంటే అది. దొరకలేదా, ఈ రాబందులకిస్తాను."

గంప మంచులోకి దిగింది. పైనున్న డప్పుల మోత పలచబడి మాసిపోయింది. తెల్లటి చీకట్లోంచి మొదటి రాబందు వచ్చి గంప అంచున వాలి, ధూమ్రనాథుడి మొహం మీదికి మెడ సాచింది. వడియాల మీద వాలిన కాకిని తోలినట్టు చెంగల్వ కొడవలి ఝళిపించింది.

"ఉష్! కాసేపాగు. నీ వంతు ఇంకా రాలేదు."